చెప్పింది ఆమె, రాసింది ఎవరు?

జనగామ జిల్లా పాలకుర్తి అనగానే చదువుకున్నవాళ్లకు సోమనాథుడు గుర్తొస్తాడు. సంస్కృతానికి పెద్దపీట వేసిన కాలంలో జాను తెనుగు చాలని ద్విపద పట్టుకున్న కవి ఆయన. అదే పాలకుర్తిలో కొన్ని వందల ఏళ్ల తర్వాత సాకలి ఐలమ్మ నాలుగెకరాల కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచింది. పండిన వడ్లు దొర గడీకి పోనియ్యలేదు. ఇద్దరివీ పెద్ద పేర్లే. కవి తన మాట తానే రాసుకున్నాడు. ఐలమ్మ మాట ఇంకొకరు రాస్తే తప్ప మన దాకా వచ్చేది కాదు.

ఈ వారం ఐలమ్మను తలుచుకోవడానికి కారణం ఆమెకన్నా వందేళ్లు ముందు పుట్టిన ఒక నల్లజాతి స్త్రీ. పేరు మేరీ ప్రిన్స్‌. 1788 ప్రాంతంలో బెర్ముడాలో బానిసగా పుట్టింది. టర్క్స్‌ దీవుల్లోని ఉప్పు మడుల్లో మోకాళ్ల లోతు నీళ్లల్లో పొద్దంతా నిలబడి పనిచేసింది. కాళ్లు పుండ్లు పడ్డా పని ఆగలేదు. చేతులు మారి మారి ఆంటిగ్వాకు, అక్కడి నుంచి 1828లో యజమానుల వెంట లండన్‌కు చేరింది. వాళ్లను విడిచి బయటికొచ్చి, తన బతుకంతా చెప్పింది. సుసానా స్ట్రిక్‌లండ్‌ అనే ఆమె కూర్చుని రాసుకుంది. బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్‌ ప్రింగిల్‌ దాన్ని సరిచూసి 1831లో అచ్చువేయించాడు. బ్రిటన్‌లో ఒక నల్లజాతి స్త్రీ జీవితకథ పుస్తకంగా రావడం అదే మొదలు. ఆ ఏడే మూడుసార్లు అచ్చయింది. అప్పటికి బ్రిటన్‌ ఏలుబడిలోని కరీబియన్‌ దీవుల్లో బానిసత్వం రద్దు చట్టం ఇంకా రాలేదు. అది వచ్చింది 1833లో.

ఆమె మాటలు వీలైనంత అలాగే ఉంచామని, చెప్పిందే చెప్పిన చోట్ల తగ్గించి వ్యాకరణం దిద్దామని ప్రింగిల్‌ ముందుమాటలో ఒప్పుకున్నాడు. నిజాయితీగా చెప్పాడు. నాకు మాత్రం ఆ దిద్దుబాటు దగ్గరే మనసు ఆగిపోతుంది. దెబ్బలు తిన్న మనిషి ఒకే మాట రెండుసార్లు, మూడుసార్లు చెబుతుంది. మా ఊళ్లో శోకం పెట్టే ఆడవాళ్లు చెప్పిందే ఎన్నిసార్లు చెబుతారో విన్నవాళ్లకు తెలుసు. దాన్ని తీసేస్తే తగ్గేది పుస్తకం బరువు ఒక్కటే కాదు.

మనకూ అలాంటి పుస్తకం ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల అనుభవాలను వాళ్ల నోటనే చెప్పించి వేసిన పుస్తకం. నాయకులు రాసుకున్న చరిత్రలో కనిపించని సంగతులు ఇందులో ఉన్నాయి. తుపాకి పట్టినవాళ్లు, దళాలకు అన్నం మోసినవాళ్లు, పోరాటం ఆగాక మళ్లీ ఇంటికి పొమ్మంటే పోయినవాళ్లు మాట్లాడారు. అందులో ఐలమ్మ కూడా మాట్లాడింది. కానీ ఆమె 1985 సెప్టెంబర్‌ 10న కన్నుమూసింది. తన మాట అచ్చులో చూసుకోలేదు.

పోలిక ఎక్కడిదాకా పోతుందో అక్కడే ఆపాలి. వెట్టి వేరు, సముద్రం దాటించి సంతలో అమ్మిన బానిసత్వం వేరు. మన వాళ్లకు ఊరు మిగిలింది, ఇంటిపేరు మిగిలింది. కరీబియన్‌ స్త్రీలకు పేరు కూడా యజమాని పెట్టిందే. వాళ్ల ఆఫ్రికా భాషలు చెరకు తోటల్లో చెదిరిపోయాయి. మిగిలిన ముక్కల్లో ఇంగ్లిషునో ఫ్రెంచినో కలుపుకుని వాళ్లు కొత్త భాషలే చేసుకున్నారు. జమైకాలో దాన్ని పట్వా అంటారు. బడిలో అది తప్పు మాట, మోటు మాట. 1919లో పుట్టిన లూయీస్‌ బెనెట్‌ కవిత్వానికి ఆ మాటనే ఎంచుకుంది. జనం ఆమెను మిస్‌ లూ అని పిలుచుకున్నారు, నోటికి నేర్చుకున్నారు. సాహిత్యం పెద్దలు మాత్రం చాలాకాలం ఆమెను నవ్వించే కళాకారిణి కింద లెక్కేశారు.

ఇది చదువుతుంటే మన సినిమాలు గుర్తురాలేదా? తెలంగాణ మాట ఎన్నేళ్లు విలన్‌కూ, హాస్యగాడికీ అంటగట్టారో! జాను తెనుగు కవిని కన్న జనగామ పిల్లలే పట్నంలో నోరు విప్పడానికి సిగ్గుపడ్డారు. నేనూ పడ్డాను.

ట్రినిడాడ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన క్లాడియా జోన్స్‌ గురించీ చెప్పాలి. ఆమె కమ్యూనిస్టు. నల్లజాతి స్త్రీ మీద మూడు బరువులున్నాయని, జాతి, వర్గం, ఆడపుట్టుక కలిసి ఆమెను అణచివేస్తాయని, ఉద్యమం కూడా ఆమెను పట్టించుకోవడం లేదని 1949లో వ్యాసం రాసింది. ఆ ఏడు ఇక్కడ తెలంగాణ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. 1955లో అమెరికా ఆమెను వెళ్లగొట్టింది. లండన్‌ చేరి, 1958లో అక్కడి కరీబియన్‌ జనం కోసం పత్రిక పెట్టింది. కులం, భూమి, ఆడపుట్టుక అని మన దళిత, బహుజన స్త్రీలు చాలా ఏళ్ల తర్వాత ఇదే మాట తమ అనుభవం నుంచి తాము చెప్పారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’, ఆమె జూపాక సుభద్రతో కలిసి తెచ్చిన ‘నల్లరేగటి సాల్లు’ చూడండి. పేర్లలోనే ఆ నలుపును తలెత్తి చెప్పుకున్నారు.

రాయని చరిత్ర ఉండదనుకునేవాళ్లకు జమైకా నానీ కథ చెప్పాలి. బానిసత్వం నుంచి తప్పించుకుని, అడవి కొండల్లో దాక్కుని ఇంగ్లిషు సైన్యంతో పోరాడిన మరూన్ల నాయకురాలు ఆమె. కాగితాల మీద ఆమె గురించి ఉన్నది చాలా తక్కువ. ఆమెకు, ఆమె వెంట ఉన్నవాళ్లకు ప్రభుత్వం 500 ఎకరాలు ఇచ్చిన పట్టా అందులో ఒకటి. మిగిలిందంతా మరూన్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిందే. ఈనాడు ఆమె జమైకా జాతీయ వీరనారి, 500 డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ. మేడారం సమ్మక్క సారలమ్మలనూ శాసనాలు నిలబెట్టలేదు. కోయల పాటే నిలబెట్టింది.

ఐలమ్మ పేరు ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఉంది. సంతోషం. పేరు పెట్టడంతో పని మొదలు కావాలి. మహబూబాబాద్‌ తండాల్లో సొంత లిపి లేని లంబాడీ భాష గోర్‌ బోలిలో పాడే ముసలి అవ్వలున్నారు. జనగామ పల్లెల్లో దొరల కాలం చూసిన ఆఖరి తరం ఉంది. భూపాలపల్లి కోయగూడేల్లో కథలు తెలిసినవాళ్లున్నారు. ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. విశ్వవిద్యాలయం తన విద్యార్థినులను ఈ మూడు జిల్లాలకు పంపాలి. చెప్పింది చెప్పినట్టు, మళ్లీ మళ్లీ చెప్పిన మాటలతో సహా రాయించాలి. పుస్తకం మీద రచయితగా చెప్పిన అవ్వ పేరే వేయాలి. పాఠ్యప్రణాళికలో ఐలమ్మ మాట పక్కన మేరీ ప్రిన్స్‌ను పెట్టాలి.

అంతదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం ఊరికి పోతే మీ నాయినమ్మ పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు పెట్టి, ముందుగా ఆమె పేరు, ఆమె తల్లి పేరు చెప్పించండి. మధ్యలో ఆమె మాట దిద్దకండి.