ఏడిస్తేనే మహానటా?

సావిత్రి ప్రస్తావన వస్తే చాలు, మన విమర్శకులు ‘దేవదాసు’ (1953) పార్వతి కన్నీళ్ళ దగ్గరే ఆగిపోతారు. తిరుపతి సాహిత్య సభల్లోనూ ఇదే వింటున్నాను. ‘మాయాబజార్’ (1957) మాయా శశిరేఖని మాత్రం ‘భలే నవ్వించింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

చిత్తూరులో మా అవ్వ అట్లా తేల్చలేదు. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. ఎదుట మనుషులుంటే సిగ్గూ, ఓరచూపూ. చాటున ఎస్వీ రంగారావు ఠీవి. పాట మధ్యలో సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు రాగానే సావిత్రి ఒళ్ళంతా మారిపోతుంది. “సిగ్గు గూడా యేషమే కదమే!” అంది అవ్వ. జుడిత్ బట్లర్‌ని చదవడానికి నాకు పీహెచ్‌డీ కావాల్సొచ్చింది!

ఏడ్చే ఆడది ఎవరికీ ఇబ్బంది కాదు, అందుకే ఆమెకు అంత గౌరవం. పార్వతిని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆ పాత్రకి ఒక్క ఒళ్ళు చాలు. మాయా శశిరేఖకి రెండు కావాలి, అవీ రెప్పపాటులో మారాలి.