దారి అడిగితే

భీమవరంలో మా సందు చివర గోడ. బయటికి దారి ఒక్కటే. ఆ మొదట్లోనే పొరుగాయన పెద్ద కారు అడ్డంగా పెడతాడు. గ్యాసు బండి, ఆటో మూలమీదే ఆగిపోతాయి. సిలిండరు దొర్లించుకొచ్చేదీ, నడవలేని అత్తగారిని పట్టుకు నడిపించేదీ ఆడవాళ్లే. మొన్న రాత్రి నెలలు నిండిన ఎదురింటి అమ్మాయిని ఆటో దాకా అలాగే నడిపించాం. తెల్లవారి అడగబోతే, "ఇంట్లో మగవాళ్లుంటే పంపండమ్మా, మాట్లాడతాను" అన్నాడు. ఇన్నేళ్లు సమాజశాస్త్రం చదివిన నాకే నోరు పెగల్లేదు. ఇల్లే కాదు, వీధి కూడా మగవాడి పేరునే ఉందన్నమాట.

రొయ్యల డబ్బుతో కార్లొచ్చాయి; 2022లో ఊరు జిల్లా కేంద్రమైంది; సందులు మాత్రం అవే. దారికి అడ్డం పెడితే పాత శిక్షాస్మృతి 283 కింద జరిమానా 200 రూపాయలకు మించేది కాదు. 2024 జూలై 1 నుంచి న్యాయ సంహిత 285 కింద 5,000 దాకా వేయవచ్చు. అడ్డు తీయించమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటును నాగరిక సురక్షా సంహిత 152 కింద కోరవచ్చు. అందుకు ఇంటి యజమాని సంతకం అక్కర్లేదు.

ఏడుగురం సంతకాలు చేశాం, ఫొటోలు, తేదీలు జతచేశాం. ఆయన భార్యనూ అడిగాం. "మీరు రాసింది నిజమే, నేను మాత్రం పెట్టలేనండీ" అంది. ఒత్తిడి చేయలేదు.