ఒక్క మౌంటు కోసం పట్టికంతా చదవాలా?

2007 వేసవిలో మా నాన్నగారి కథలను యూనికోడులోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. నేను పైకి చదువుతుంటే ఆయన పక్కన కూర్చుని, ఈ మాట తీసెయ్యమనీ, ఆ వాక్యం ఇలా మార్చమనీ చెప్పేవారు. ఆ దిద్దుబాట్లు ఆయన కాగితాల మీద లేవు. నా లినక్సు కంప్యూటరులో మాత్రమే ఉండేవి. రోజూ రాత్రి వాటికి నకలు తీసి రెండో డిస్కులో దాచే చిన్న స్క్రిప్టు రాసుకుని నిశ్చింతగా ఉన్నాను.

కొన్నాళ్ళకు అసలు డిస్కు చెడిపోయింది. రెండో డిస్కు తెరిచి చూస్తే అందులో మూడు వారాల కిందటి ప్రతులే ఉన్నాయి. మిగిలిన దిద్దుబాట్లు పోయాయి. నాన్నగారు కూడా ఇప్పుడు లేరు.

జరిగినది ఇది. ఒక డిస్కును ఏదైనా డైరెక్టరీకి తగిలించడాన్ని మౌంటు చేయడమంటారు. డిస్కును విడదీసినా ఆ డైరెక్టరీ ఖాళీగా అక్కడే ఉంటుంది. అప్పుడు అందులో రాసినదంతా అసలు డిస్కులోకే పోతుంది. రెండో డిస్కు మౌంటయి ఉందో లేదో తెలుసుకోవడానికి నా స్క్రిప్టు ఎంట్యాబ్ అనే ఫైలును చూసేది. ఆ రోజుల్లో ఆ ఫైలును రాసేది కెర్నెల్ కాదు, మౌంటు, అమౌంటు ఆదేశాలు. నేను ఒకనాడు ఆ ఫైలును ముట్టుకోవద్దనే ఐచ్ఛికంతో డిస్కును విడదీసి, మళ్ళీ తగిలించడం మరచిపోయాను. డిస్కు ఉందని ఎంట్యాబ్ చెబుతూనే ఉంది, స్క్రిప్టు నమ్ముతూనే ఉంది. నకళ్ళన్నీ అసళ్ళ పక్కనే పేరుకుని, వాటితోపాటే పోయాయి. తప్పు నాదే, కాదనను. అయితే అప్పటినుంచి ఈ విషయం మీద నాకొక అభిప్రాయం స్థిరపడింది.

ఊళ్ళో ఒక పొలం ఎవరిదో తెలియాలంటే అడంగలు చూడాలి గాని, ఎవరో ఎప్పుడో దానికి తీసి పెట్టుకున్న నకలు చూస్తే లాభం లేదు. ఏది ఎక్కడ మౌంటయి ఉందో నిశ్చయంగా తెలిసినది కెర్నెల్ ఒక్కదానికే. ఆ మాట దాని నోటినుంచే వినడానికి ప్రాక్‌లోని మౌంట్స్ ఫైలు అప్పటికే ఉంది. 2008లో, 2.6.26తో, మౌంట్‌ఇన్ఫో వచ్చి ప్రతి మౌంటుకూ ఒక సంఖ్యనూ, అది ఏ మౌంటు కింద ఉందో ఆ సంఖ్యనూ కూడా చెప్పింది. తరువాత ఎంట్యాబ్ కూడా ప్రాక్‌కు దారి చూపే లంకెగా మారిపోయింది. అలా నకలు బెడద తీరింది.

కాని రెండో బెడద మిగిలింది. నాకు కావలసినది ఒక్క పొలం సంగతి. ప్రాక్ నా చేతికిచ్చేది ఊరంతటి అడంగలు. ఒక్క పంక్తి కోసం కెర్నెల్ ప్రతి మౌంటు వివరాన్నీ అక్షరాలుగా కూర్చాలి, మన ప్రోగ్రాము వాటిని మళ్ళీ విడగొట్టాలి. పేరులో ఖాళీ ఉంటే దాని స్థానంలో వచ్చే 040 అనే గుర్తును విప్పుకోవాలి. పది మౌంట్లున్న ఇంటి కంప్యూటరులో ఇది లెక్కలోకి రాదు. కంటెయినర్లు నడిచే యంత్రాలలో మౌంట్లు వేలల్లో ఉండవచ్చు. పట్టిక మారిందని తెలిసిన ప్రతిసారీ మొత్తం చదివే ప్రోగ్రాము ఉందనుకోండి. వెయ్యి మౌంట్లు ఒకదాని వెనుక ఒకటిగా చేరితే అది చదివే పంక్తులు 5,00,500. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఇంకొక చిక్కు ఉంది. పేర్ల పట్టిక చదవడం వేరు, ప్రతి మౌంటునూ నీ దగ్గర ఎంత ఖాళీ ఉందని అడగడం వేరు. డీఎఫ్ ఆదేశం రెండోది కూడా చేస్తుంది గనుక, ఎక్కడో ఒక ఎన్ఎఫ్ఎస్ సర్వరు పలకకపోతే ఇక్కడ కదలక మెదలక కూర్చుంటుంది. బీఎస్డీ వారు ఈ తేడాను ముందే గుర్తించారు. వారి గెట్‌ఎఫ్ఎస్‌స్టాట్ పిలుపులో, తాజా లెక్కల కోసం ఆగాలో, చేతిలో ఉన్నవి చాలో అడిగేవారే చెప్పవచ్చు.

లినక్సు ఆ దారికి ఆలస్యంగా వచ్చింది. 2020లో, 5.8తో, ఒక డైరెక్టరీ మౌంటు మొదలా కాదా అన్నది స్టాట్‌ఎక్స్ ద్వారా ఆ డైరెక్టరీ గురించి మాత్రమే అడిగి తెలుసుకునే వీలు కలిగింది. 2024 మార్చిలో, 6.8తో, లిస్ట్‌మౌంట్, స్టాట్‌మౌంట్ అనే రెండు పిలుపులు వచ్చాయి. మొదటిది మౌంట్ల సంఖ్యలను మాత్రమే ఇస్తుంది. రెండోది ఒక్క మౌంటు గురించి, అందులోనూ మనం కోరిన వివరాలే ఇస్తుంది. పాత సంఖ్యలు ఒక మౌంటు పోగానే మరొకదానికి దక్కేవి. ఈ కొత్త 64 బిట్ల సంఖ్యలు మళ్ళీ వాడబడవు. 2025లో, ఏ మౌంటు చేరిందో ఏది పోయిందో ఫానోటిఫై ద్వారా విడిగా తెలుసుకునే ఏర్పాటు కూడా జరిగింది.

అంతా అక్షరరూపంలో ఉండటమే యునిక్సు అందమని, ఈ కొత్త పిలుపులు ఆ సంప్రదాయానికి విరుద్ధమని వాదించే మిత్రులున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. నేను ఈ విద్య నేర్చుకున్నది ప్రాక్ ఫైళ్ళను తెరిచి చదివే. ఆ ఫైళ్ళు ఉండాలి. మనిషి కంటికి అవి అవసరం. అయితే నిమిషానికి వందసార్లు అడిగే యంత్రానికి కూడా మనిషి కోసం రాసిన కాగితమే చేతికివ్వడం సంప్రదాయం కాదు, బద్ధకం.

నా ఇప్పటి స్క్రిప్టులో మొదటి పంక్తి మౌంట్‌పాయింట్ ఆదేశం. డిస్కు లేదని అది చెబితే నకలు తీయడం ఆగిపోయి నాకు ఉత్తరం వస్తుంది. మీలో ఎవరైనా ఇంట్లోవాళ్ళ రాతలను ఇలాగే దాచుకుంటూ ఉంటే, ఈ రాత్రి ఒకసారి ఆ రెండో డిస్కును విడదీసి, మీ స్క్రిప్టు ఏమంటుందో చూడండి.