పూసిన చెట్టు మీద నింద

మాఘం దాటి సికింద్రాబాద్ బొల్లారంలో చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టాయంటే ఇంటింటా ఒకటే మాట: "పూలకాలం వచ్చింది, ఇక జలుబులే." రిసాలా బజార్‌లో మందుల షాపు ముందూ అదే, అల్వాల్ వైపు అపార్ట్‌మెంట్లలోనూ అదే, బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లుల మధ్యా అదే. ముక్కు కారితే పువ్వు, కళ్ళు దురదపెడితే పువ్వు, పిల్లవాడికి ఆయాసం వస్తే గేటు పక్కనున్న కానుగ. దాని వెంటే రెండో మాట వస్తుంది: "ఆ చెట్టు కొట్టించేస్తే పీడా పోతుంది." ఈ నమ్మకం తప్పు. దీనివల్ల చెట్లు పోతున్నాయి, జబ్బు మాత్రం ఎక్కడికీ పోవడం లేదు.

ఈ కాలంలో మన దగ్గర నిజంగా పూసేదేమిటో ముందు చూడాలి. కంటోన్మెంట్ కావడం వల్ల, మిలిటరీ స్థలాలు ఎక్కువ కావడం వల్ల, నగరంలో చాలాచోట్ల మాయమైన పెద్ద చెట్లు బొల్లారంలో ఇంకా మిగిలాయి. సంక్రాంతి వెళ్ళేసరికి మామిడి పూత కనిపిస్తుంది. ఆకంతా రాల్చుకున్న బూరుగు కొమ్మల నిండా ఎర్రటి దొన్నెల్లాంటి పూలు వస్తాయి. కాముని పున్నం నాటికి మోదుగు మండుతుంది. ఆ పూలను నీళ్ళలో మరిగించి హోలీ రంగు చేసుకునే ఊళ్ళు తెలంగాణలో ఇప్పటికీ ఉన్నాయి. ఉగాది పచ్చడికి వేపపూత అందుతుంది. ఆ వెనుక కానుగ, రేల, తురాయి. మన బొల్లారంలోనే ఉన్న 1860 నాటి రాష్ట్రపతి నిలయం, దాని 90 ఎకరాల ఆవరణ ఒకప్పుడు రాష్ట్రపతి శీతకాల విడిది ముగిశాక కొద్ది రోజులే జనానికి తెరిచి ఉండేవి. 2023 మార్చి 22న, సరిగ్గా ఉగాది రోజున, ఏడాది పొడవునా చూడవచ్చన్నారు. గేటు తెరిచారని సంతోషించిన నాకు, "ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ తోటలోకి పోవద్దు" అనే సలహా వింటే బాధ కలుగుతుంది. వయసు మీద పడినవాళ్ళు, ఆయాసపడే పిల్లలు, అంటే పచ్చటి చోటు ఎక్కువ అవసరమైనవాళ్ళే, ఆ సలహా విని ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు.

పైన చెప్పిన ఏ చెట్టూ తన పుప్పొడిని గాలికి వదిలి బతికేది కాదు. బూరుగు, మోదుగు పూలలో తేనె కోసం గోరింకలు, కాకులు, తేనెపిట్టలు దూరతాయి. పుప్పొడి వాటి తలలకు అంటుకుని పక్క చెట్టుకు చేరుతుంది. మామిడికి ఈగలు, కానుగకు, వేపకు తేనెటీగలు, రేలకు తుమ్మెదలు ఆ పని చేస్తాయి. ఇలాంటి పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. చెట్టు దాన్ని తక్కువగానే తయారుచేసుకుంటుంది. రంగూ, వాసనా, తేనే పెట్టి పురుగునూ పిట్టనూ పిలిచేది, గాలి మీద ఆధారపడకుండా ఉండడానికే. గాలిని నమ్ముకున్న మొక్కకు ఈ ఖర్చు అక్కర్లేదు. అది రంగులేని, వాసనలేని, కంటికి ఆనని పూలు పూసి, పొడిగా తేలికగా ఉండే రేణువులను లెక్కలేనన్ని వదులుతుంది. వాటిలో చాలావాటి పరిమాణం 20 నుంచి 40 మైక్రాన్లు. ముక్కులోకి చేరేవి అవి. అందుకే, కంటికి నదురుగా కనిపించే పువ్వు సాధారణంగా తుమ్ముకు కారణం కాదు.

ఈ పొరపాటు మన ఒక్కళ్ళదే కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో దీన్ని "రోజ్ కోల్డ్" అనేవారు. గులాబీలు పూసే రోజుల్లో వస్తుంది కనుక గులాబీ మీదే నింద. 1886లో బాల్టిమోర్ వైద్యుడు జాన్ నోలండ్ మెకంజీ, గులాబీ అంటేనే తుమ్ములు వచ్చే ఒకామె ముందు కృత్రిమ గులాబీ పెట్టి చూశాడు. ఆమెకు తుమ్ములు వచ్చాయి. అంతకు ముందే, 1873లో, మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు, తానూ ఈ జబ్బుతో బాధపడేవాడే, గ్లిజరిన్ పూసిన గాజుపలకలను గాలిలో పెట్టి, గాలిపటాలతో పైకి ఎగరేసి, వాటిమీద పడ్డ రేణువులను లెక్కపెట్టి పుస్తకం రాశాడు. దోషిగా తేలింది గడ్డి పుప్పొడి. గులాబీలు పూసే రోజుల్లోనే గడ్డీ వెన్ను వేస్తుంది. గడ్డి పూతను ఎవరూ చూడరు కాబట్టి పక్కనే కనిపించిన గులాబీ దొరికిపోయింది.

బొల్లారంలో ఆ చూడని పూతలు ఏవి? నెమలినార ఒకటి. ఆకు లేని కాలంలో కొమ్మలకు చిన్న ఆకుపచ్చ పూలు పూసి గాలికి పుప్పొడి వదులుతుంది. ఉత్తర భారతంలో ఎలర్జీ పరీక్షలు చేసేవాళ్ళకు బాగా తెలిసిన చెట్టు ఇది. సరుగుడు, ఆముదం, తోటకూర జాతి కలుపు, రకరకాల గడ్డి కూడా గాలికి వదిలేవే. ఇక వయ్యారిభామ. 1950ల్లో పూణే దగ్గర మొదట కనిపించిన ఈ మొక్క ఇప్పుడు దేశమంతా ఉంది. రైలు కట్టల వెంబడి, ఖాళీ ప్లాట్లలో, కంటోన్మెంట్ గోడల కింద వాన పడగానే మొలుస్తుంది, నెల తిరక్కుండా తెల్లగా పూస్తుంది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పుప్పొడితో తుమ్ములు, ఎండి గాలికి ఎగిరిన పొడితో చర్మం మీద దద్దుర్లు. ఇది వానాకాలపు కథ. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా తుమ్ములు తగ్గని ఇళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి, అప్పుడు మాత్రం "వాతావరణం మారింది" అంటాం. వసంతాన్ని ఒక్కదాన్నే జబ్బుల కాలంగా ముద్రవేయడంతో, ఈ రెండో కాలం మన లెక్కలోకే రాలేదు.

అసలు ఫాల్గుణంలో గాలిలో ఉండేది పుప్పొడి ఒక్కటేనా? ఆకు రాలుతుంది, రోడ్డు పక్కన కుప్ప పోస్తారు, తెల్లవారుజామునే అగ్గి పెడతారు. చలి ఇంకా పూర్తిగా పోని ఆ వేళ పొగ పైకి లేవదు, వీధి ఎత్తులోనే నిలుస్తుంది. బడికి బయల్దేరిన పిల్లలు దాన్ని పీల్చుకుంటూ పోతారు. చెత్తను బహిరంగంగా తగలబెట్టకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించి, 5,000 రూపాయల జరిమానా, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 అని చెప్పింది. ఆకు రాల్చే చెట్టే తరువాత పూస్తుంది. పొగ వచ్చిన వారాల్లోనే పూత కనిపిస్తుంది. దగ్గు పొగతో మొదలైతే నింద పువ్వు మీద పడుతోంది. డీజిల్ పొగలోని సూక్ష్మకణాలు పుప్పొడి ఎలర్జీని మరింత రెచ్చగొడతాయని కూడా వైద్యులకు తెలుసు. మనం కొలిచే గాలి నాణ్యత సూచీలో ధూళికణాలు, వాయువులు, సీసం ఉన్నాయి, పుప్పొడి లేదు. ఇంకో చిక్కు: ఫోన్లో బొల్లారం అని కనిపించే గాలి నాణ్యత అంకె పటాన్‌చెరు వైపున్న పారిశ్రామికవాడ బొల్లారంది, మనది కాదు. దాన్ని చూసి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

నా వాదానికి ఎదురుగా నిలబడే మాటలు ఉన్నాయి. మామిడి, వేప పుప్పొడికి కూడా కొందరి శరీరం స్పందిస్తుంది. పూత నిండిన తోటలో రోజంతా పనిచేసేవాళ్ళ సంగతి వేరు. ఏడాకుల పాల వంటి ఘాటు వాసన ఎలర్జీ లేనివాళ్ళ ముక్కునూ చికాకు పెడుతుంది. నిజమే. అయితే ఎవరికి ఏది పడదో చర్మపరీక్షతో తెలుస్తుంది. ఒకరికి పడని చెట్టు వీధి మొత్తానికి శత్రువు కాదు. ఇక ఎలర్జీ తెస్తుందని పేరుపడ్డ కోనోకార్పస్. రోడ్ల మధ్య వరుసల్లో విరివిగా నాటిన ఆ మొక్కను హరితహారంలో ఇక వద్దని మన ప్రభుత్వమే తరువాత అంది, గుజరాత్ 2023లో నిషేధించింది. దాన్ని నేను సమర్థించను. తొందరగా పెరుగుతుందని ఒకే జాతిని మైళ్ళకొద్దీ నాటడమే పెద్ద తప్పు. కానీ ఆ మొక్క పేరు చెప్పి కానుగనూ తురాయినీ కొట్టేస్తామంటే ఒప్పుకోను. చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలనే వాల్టా చట్టం ఉన్నది అందుకే.

జపాన్ చూడండి. యుద్ధం తరువాత కలప కోసం కొండలన్నిటా సుగి చెట్లు నాటారు. అవి పెద్దవై పుప్పొడి వదలడం మొదలుపెట్టాక ఇప్పుడు ఆ దేశంలో పదిమందిలో నలుగురికి దాని ఎలర్జీ. ముప్పై ఏళ్ళలో ఆ పుప్పొడిని సగానికి తగ్గించాలని 2023లో ప్రభుత్వం నిర్ణయించింది. సుగిని తగ్గిస్తున్నారు, పుప్పొడి తక్కువ ఉండే మొలకలు పెంచుతున్నారు. అదే నెలల్లో పూసే సకురా అనే చెర్రీ చెట్ల జోలికి ఎవరూ పోలేదు, జనం ఏటా ఆ పూల కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

తుమ్ములతో బాధపడేవాళ్ళను ఓర్చుకోమని నేను అనను. బాధ నిజం, మందూ నిజం. ఏటా అదే నెలలో వస్తుందని తెలిసినవాళ్ళు డాక్టరును అడిగి రెండు వారాల ముందే ముక్కు స్ప్రే మొదలుపెట్టవచ్చు. ఇన్‌హేలర్ అలవాటు పడుతుందన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. అది వ్యసనం అయ్యే మందు కాదు, మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరే మందు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఉబ్బసానికి ఇచ్చే చేపమందు కోసం వెళ్ళేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. వెళ్ళండి, కానీ దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ ఆపవద్దు. అలా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. బయటి నుంచి రాగానే ముఖం కడుక్కోవడం, పడుకునే ముందు స్నానం, గాలి ఎక్కువున్న రోజు బట్టలు లోపల ఆరేసుకోవడం: ఇవి పనిచేస్తాయి, వీటికి చెట్టు కొట్టనక్కర్లేదు.

కంటోన్మెంట్ బోర్డూ కాలనీ సంఘాలూ ఫాల్గుణంలో ఆకు కాల్చడం ఆపించి కంపోస్టు గుంతలకు పంపాలి. తొలివాన పడిన మూడు వారాల్లోపే, పూత రాకముందే, చేతికి గ్లవుజులు వేసుకుని వయ్యారిభామను వేళ్ళతో పీకించాలి. వెన్ను వేయకముందే గడ్డి కోయించాలి. బొల్లారంలో ఏ హైస్కూల్ జీవశాస్త్రం టీచరైనా బ్లాక్లీ లాగే గ్లిజరిన్ పూసిన గాజుపలకను డాబా మీద పెట్టి, మర్నాడు మైక్రోస్కోప్ కింద పిల్లలతో లెక్కపెట్టించవచ్చు. ఏడాది పొడవునా చేస్తే మన గాలిలో ఏ నెలలో ఏముందో మనకే తెలుస్తుంది. వీధిలో ఏ చెట్టునైనా కొట్టాలనుకునేవాళ్ళు ముందు ఆ లెక్క తెచ్చి చూపించాలి.