కాళ్ల కింద కిటికీ

అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో కాలేజీ గ్రౌండ్‌లో హెలికాప్టర్ దిగుతోందంటే చాలు... ఊరు ఊరంతా తల పైకెత్తి చూస్తుంది. మరి ఆ సమయంలో లోపలున్న పైలట్ ఎటు చూస్తుంటాడు?

అతనికి కావలసిందల్లా కింద సున్నంతో గీసిన ‘హెచ్’ అక్షరం. చిత్రమేమిటంటే, దానికి దగ్గరయ్యేకొద్దీ ఆ అక్షరమే అతనికి కనిపించకుండా పోతుంది!

విమానమైతే రన్‌వే మీద పరుగుతీసి ఆగుతుంది. హెలికాప్టర్‌కి ఆ వెసులుబాటు లేదు. వేగమంతా గాల్లోనే తగ్గించుకోవాలి. అందుకోసం పైలట్ దాని ముక్కును కాస్త పైకెత్తుతాడు, పరుగెత్తే ఎద్దుల్ని పగ్గాలు బిగించి ఆపినట్టు. ముక్కు లేస్తే ఎదురుగా ఉన్న మీటర్ల పలకా లేస్తుంది. దాని చాటున నేల దాక్కుంటుంది. అందుకే చాలా హెలికాప్టర్లలో పైలట్ పాదాల దగ్గర కూడా అద్దం బిగిస్తారు. పైలట్ల భాషలో అది ‘చిన్ విండో’. అంటే హెలికాప్టర్ గడ్డం దగ్గరి కిటికీ అన్నమాట.

నీరా... నేలా?

కోనసీమలాంటి చోట ఆ కిటికీ విలువ ఇంకా ఎక్కువ. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఖాళీ జాగా దొరకడమే కష్టం. ఎక్కడ చూసినా నిలువెత్తు కొబ్బరిచెట్లు, కాలువలు, కరెంటు తీగలు, చేపల చెరువులు. దమ్ము చేసి నీళ్లు నిలబెట్టిన వరిచేనూ, గాలి లేనప్పటి చెరువూ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి. అల కదలని నీటిలో ఎత్తు అంచనా వేయడానికి కంటికి ఏ ఆధారమూ దొరకదు. యాభై అడుగులున్నట్టు అనిపించిన చోట పది అడుగులే ఉండొచ్చు.

ఈ ప్రాంతం మరిచిపోలేని తేదీ ఒకటుంది... 2002 మార్చి 3. అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కి బెల్ 206 హెలికాప్టర్‌లో బయల్దేరారు. కైకలూరు ప్రాంతంలోని కొవ్వాడలంక దగ్గర అది చేపల చెరువులో కూలిపోయింది. ఆయనతోపాటు పైలట్, భద్రతాధికారి కూడా చనిపోయారు. సరిగా కనిపించక చెరువును నేలగా పొరబడి దించబోయారనీ, తెలుసుకుని పైకి లేపబోతే కొబ్బరిచెట్టు తగిలిందనీ అప్పట్లో వచ్చిన తొలి కథనాలు చెప్పాయి. ఏ ప్రమాదానికైనా ఒక్కటే కారణం ఉండదు. కానీ కింద ఉన్నది నీరా, నేలా అన్నది దిగే ప్రతి పైలట్‌కీ ప్రాణంతో సమానమైన ప్రశ్న. యానాం-ఎదుర్లంక వంతెన ఇప్పుడు బాలయోగి పేరుతోనే ఉంది.

వరదలప్పుడు పని మరింత కష్టం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు నీట మునిగాయి. అలాంటి చోట డాబా మీదున్నవాళ్లకి సాయం అందించాలంటే హెలికాప్టర్ వాళ్ల నెత్తిమీదే కదలకుండా నిలబడాలి. అప్పుడు చూడాల్సిన చోటు ఎదురుగా కాదు, సరిగ్గా పాదాల కింద ఉంటుంది. పెద్ద హెలికాప్టర్లలో తలుపు దగ్గర కూర్చున్న సిబ్బంది కిందికి చూస్తూ ‘కాస్త ఎడమకి... ఇంకొంచెం ముందుకి’ అని పైలట్‌కి చెబుతుంటారు.

తెరకు అంచు ఉంది!

ఇంత కష్టమైన పనిని నేరుగా గాల్లో నేర్చుకోవడం ప్రమాదం. అందుకే సిమ్యులేటర్లు. కాక్‌పిట్‌ని అచ్చుగుద్దినట్టు కట్టి, చుట్టూ తెరల మీద ఆకాశాన్నీ నేలనూ చూపించే యంత్రాలివి. మరి ఆ తెర ఎంత కిందివరకూ ఉండాలి?

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దీనికి లెక్కలు పెట్టింది. హెలికాప్టర్ సిమ్యులేటర్లలో ‘లెవెల్ సి’ రకానికి దృశ్యం అడ్డంగా 146 డిగ్రీలు, నిలువుగా 36 డిగ్రీలు ఉంటే చాలు. అన్నిటికన్నా పైదైన ‘లెవెల్ డి’కి మాత్రం అడ్డంగా 176, నిలువుగా 56 డిగ్రీలు ఉండాలి. ఆ అదనపు 20 డిగ్రీలు దిగేటప్పుడే అక్కరకొస్తాయి. అందుకే హెలికాప్టర్ సిమ్యులేటర్లకి గుండ్రటి గోపురంలాంటి తెరలు వాడతారు. కాళ్ల దగ్గరి కిటికీలో కూడా నేల కనిపించేలా కొన్నిటిలో విడిగా ఏర్పాటు చేస్తారు.

మన పక్కనే బెంగుళూరులో హాల్ సంస్థ, కెనడాకి చెందిన సీఏఈ కలిసి ‘హ్యాట్సాఫ్’ అనే శిక్షణ కేంద్రం పెట్టాయి. బెల్ 412, ధ్రువ్, డాఫిన్... ఇలా ఏ హెలికాప్టర్ కావాలంటే ఆ కాక్‌పిట్‌ని మార్చి బిగించుకునే ఏర్పాటు అక్కడిది. రాజమండ్రి నుంచి సముద్రంలోని రిగ్గులకు సిబ్బందిని చేరవేసే పైలట్లకి ఇలాంటి సాధన ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. నడిసముద్రంలో చిన్న చాపంత కనిపించే డెక్ కూడా ఆఖరి క్షణాల్లో ముక్కు చాటుకే వెళ్తుంది మరి!

తెర పెద్దదైతేనే సరిపోదు. నేల మీద గడ్డిపోచలు, రాళ్లు, రెక్కల గాలికి లేచే దుమ్ము, నీటి మీద వలయాలు... ఇవన్నీ కనిపిస్తేనే కంటికి ఎత్తు తెలుస్తుంది. నున్నటి ఆకుపచ్చ రంగు పులిమి వదిలేస్తే, ఎంత కిందికి చూసినా గాలిలేని చెరువుని చూసినట్టే.

ఇంట్లో ఎగరేసేవారికి...

ఇప్పుడు ఈ సరదా ఇళ్లలోకీ వచ్చేసింది. మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ 98లోనే బెల్ 206 ఉంది. 2022 నవంబరులో విడుదలైన నలభయ్యో వార్షికోత్సవ ఎడిషన్‌లో బెల్ 407, కాబ్రీ జీ2 చేరాయి. పిల్లలు విమానాన్ని రెండురోజుల్లో దించేస్తారు. హెలికాప్టర్ దగ్గరే నెలలు గడిచినా కూలిపోతుంటుంది. చాలాసార్లు తప్పు చేతిది కాదు, తెరది.

లెక్క చూడండి. 24 అంగుళాల మానిటర్ ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. రెండడుగుల దూరంలో కూర్చుంటే, చూపు మధ్యగీత నుంచి కిందికి కనిపించేది 14 డిగ్రీలే. హెలికాప్టర్ 10 డిగ్రీల వాలులో దిగుతూ ముక్కు మరో 10 డిగ్రీలు ఎత్తిందనుకోండి. దిగాల్సిన చోటు 20 డిగ్రీల కింద ఉంటుంది. అంటే మానిటర్ దాటి, టేబుల్ మీద ఎక్కడో! జూమ్ తగ్గిస్తే అది తెర మీదికొస్తుంది కానీ, అన్నీ చిన్నవై దూరాలు మోసం చేస్తాయి.

ఖర్చులేని ఉపాయం ముందు ప్రయత్నించాలి. సెట్టింగ్స్‌లో పైలట్ సీటును కొద్దిగా ఎత్తి, చూపును కొంచెం కిందికి వంచాలి. కాళ్ల దగ్గరి అద్దంలోంచి చూసే దృశ్యాన్ని ఒక బటన్‌కి కేటాయించుకోవాలి. పాత మానిటర్ ఉంటే దాన్ని టేబుల్ కింద పాదాల దగ్గర వాలుగా పెట్టొచ్చు. ఒక్కో మానిటర్‌కి ఒక్కో కోణం ఇచ్చే వీలు ఎక్స్-ప్లేన్‌లో ఉంది. తల కదలికను పసిగట్టే పరికరాలు ఇంకో మెట్టు పైన. వీఆర్ కళ్లజోడు పెట్టుకుంటే తల వంచితే చాలు, కింద ఏముందో కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి రాబిన్సన్ ఆర్22 కోసం చేసిన వీఆర్ సిమ్యులేటర్‌కి యూరప్ విమానయాన భద్రతా సంస్థ 2021లో ఆమోదం తెలిపింది. వీఆర్‌తో పనిచేసే శిక్షణ యంత్రానికి ఆ సంస్థ అనుమతి ఇవ్వడం అదే మొదటిసారి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. కిందికి కనిపిస్తోంది కదా అని అదేపనిగా పాదాల వంకే చూస్తే చెయ్యి తడబడుతుంది. చూపు ఎక్కువసేపు దూరంగా, పక్కగా ఉండాలి. కాళ్ల కింద కిటికీలోకి మధ్యమధ్య ఒక చిన్న చూపు, అంతే. సైకిల్ నేర్చుకునే పిల్లలకి ‘చక్రం వంక చూడకు, దారి చూడు’ అని చెప్పినట్టే.

సిమ్యులేటర్‌లో హెలికాప్టర్ చెరువులో పడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. నిజంగా కొబ్బరితోటల మీద ఎగిరేవారికి ఆ అవకాశం ఉండదు. కాళ్ల కింద ఏముందో ముందే చూసుకునే అలవాటు అందుకే తెర ముందే పడాలి.