పెరటిలో చుంచెలుకకు చోటు

బ్రిటన్ దేశమున ఇంటితోట గల గృహస్థులు చలికాలమునకు ముందు చేయు ఒక పని మనకు వింతగా తోచును. వారు రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టక తోట మూలన కుప్పగా పోసి వదలుదురు. ఓపిక గలవారు ఆ కుప్ప క్రింద చిన్న చెక్కపెట్టెను కూడ అమర్తురు. రెండిండ్ల నడిమి కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కన్నమును కావలెననియే ఉంచుదురు. ఈ మర్యాద యంతయు ఒంటినిండ సుమారు అయిదు వేల ముండ్లు గల ఒక చిన్న జంతువునకు. ఆంగ్లేయులు దానిని హెడ్జ్‌హాగ్ అందురు. పశువులు దాటిపోకుండ బాటకు అడ్డముగా గోయి త్రవ్వి పైన ఇనుపకడ్డీలు పరచుట అచ్చటి అలవాటు. ఆ గోతులలో పడిన ఈ జంతువులు పైకి రాలేక ఆకలితో చచ్చుట చూచి మేజర్ ఏడ్రియన్ కోల్స్ అను ఒక స్థానిక కౌన్సిలరు గోతిలో ఏటవాలుగా బల్లలు వేయించెను. ఆయన చేతనే 1982లో ఆ జంతువుల రక్షణకొక సంఘము వెలసినది. ఇంత జరిగినను వాటి సంఖ్య తగ్గుచునే వచ్చినది. 2020లో బ్రిటన్ క్షీరదముల ఎర్ర జాబితాలో దానిని ముప్పునకు లోనైన జాతులలో చేర్చిరి.

దీనితో మనకేమి పని యని పాఠకులు అడుగవచ్చును. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పెరళ్లకు ఈ జంతువు వచ్చునది కాదు. దానికి మన నోట స్థిరమైన పేరు కూడ లేదు. చాలమంది దీనిని ముళ్లపంది యందురు గాని, ముళ్లపంది వేరు. అది మన ఆదిలాబాదు అడవులలో తిరుగు ఏదుపంది. గడ్డలు, వేళ్లు త్రవ్వి తిను పెద్ద జంతువు, ఎలుకల కులమునకు చెందినది. హెడ్జ్‌హాగ్ పురుగులను తినునది. తమిళులు దానిని ముళ్ళెలి యందురు. మనమును ముండ్లెలుక యనవచ్చును. ఉర్దూ చదివిన మిత్రులకు ఈ చిక్కు లేదు. పారశీకము నుండి వచ్చిన ఖార్‌పుష్త్ అను చక్కని మాట వారికి కలదు. వీపున ముండ్లు గలదని అర్థము. దక్షిణ భారతమున మదరాసు ముండ్లెలుక యని ఒక జాతి కలదు. 1851లో హార్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు దానిని లోకమునకు తెలిపెను. తమిళనాడులోను, దక్షిణాంధ్రపు మెట్ట తుప్పలలోను అది బ్రతుకుచున్నది.

మరి తెచ్చి పెంచుకొనరాదా? నగరములలో ఆఫ్రికా దేశపు ముండ్లెలుకలను పెంపుడు జంతువులుగా అమ్ముచునే యున్నారు. ఈ మోజును మేము అంగీకరింపజాలము. 1974లో స్కాట్లండు పడమటి దీవులలోని సౌత్ యూయిస్ట్ అను దీవికి, తోటలలోని నత్తలను తినునని, కొన్ని ముండ్లెలుకలను తీసికొనిపోయి విడిచిరి. అవి పెరిగి పెరిగి నేలపై గూడు కట్టు పక్షుల గ్రుడ్లను తినసాగినవి. మన దేశపు ముంగిసయు ఇట్టి అపకీర్తినే మూటగట్టుకొన్నది. చెరకు తోటలలోని ఎలుకలను చంపునని 1872లో కలకత్తా నుండి తొమ్మిది ముంగిసలను జమైకాకు కొనిపోయిరి. అవి అచ్చటి పక్షులకు, పాకుడు ప్రాణులకు యముడైనవి. ఒక చోట ఉపకారియైన ప్రాణి మరియొక చోట అపకారి యగుటకు ఓడ ప్రయాణమొక్కటి చాలును. కనుక తెచ్చు మాట విడిచి, ఉన్నవారిని చూతము.

ఉన్నది చుంచెలుక. ఇదియే ముండ్లెలుకకు మన యింటిలోనున్న జ్ఞాతి. పేరులో ఎలుక యున్నను ఇది ఎలుక కాదు. ముండ్లెలుక, చుంచెలుక, మోల్ అను త్రవ్వుడు జంతువు, ఈ మూడును యూలిపోటిఫ్లా అను ఒకే వర్గములోనివి. లిన్నేయసు 1766లోనే దీనికి శాస్త్రీయ నామము పెట్టినాడు. ఒక్క ముండ్లు తప్ప జీవనవిధానమంతయు దాదాపు ఒకటే. పగలు దాగుట, రాత్రి గోడ వెంట ముక్కుతో వెదకుచు పోవుట, బొద్దింకలను, కీచురాళ్లను, వానపాములను పట్టి తినుట. బ్రిటన్‌లో ఆ పని చేయువానికి పెట్టె కట్టుచున్నారు. మన యింట అదే పని చేయువానికి విషము పెట్టుచున్నాము. ముండ్లున్న చుట్టమునకు దొరికిన మర్యాద, వాసన గల చుట్టమునకు దొరకలేదు.

ఆ వాసన నిజమే. దాని ప్రక్కలనున్న గ్రంథుల నుండి కస్తూరిని పోలిన ఘాటు వెలువడును. సంస్కృతమున గంధమూషిక యనుట అందుకే. పిల్లి కూడ దానిని చంపునే గాని సాధారణముగా తినదు. ఉర్దూలో ఛఛూందర్ తలకు మల్లెనూనె యని సామెత కలదు. తగనివానికి దొరకిన అలంకారమును ఎత్తిపొడుచు మాట యది. చీనా దేశస్థులు మాత్రము దీనిని డబ్బెలుక యందురు. దాని చిక్ చిక్ మను ధ్వని నాణెములు గలగలలాడినట్లుండునట. ఒకే చప్పుడు ఒకరికి రోతయు, మరియొకరికి లక్ష్మియు నగుట విచిత్రము కదా!

ఎలుకను, చుంచెలుకను వేరు చేసి చూచుట కష్టము కాదు, చూడవలెనని యున్నచో. చుంచెలుక మూతి పొడవై, కొన సన్నగిలి, ఎల్లప్పుడు కదలుచుండును. కన్నులు ఆవగింజలంత. చూపు తక్కువ, అందుకే గోడను విడిచి పోదు. తోక మొదట లావు, దానిపై అక్కడక్కడ పొడుగు వెంట్రుకలు. అన్నిటికన్న ముఖ్యమైనది పండ్లు. ఎలుకకు ముందుపండ్లు జీవితమంతయు పెరుగుచునే యుండును. కనుక అది కొరుకక తప్పదు; గోనెసంచియు, పుస్తకమును, కరెంటు తీగయు దానికి ఒకటే. చుంచెలుక పండ్లు పురుగుల పెంకును పగులగొట్టుటకు ఏర్పడిన సూది మొనలు. మీ బియ్యపు సంచికి కన్నము పడినచో ఆ నేరము దానిది కాదు. పిల్లలను నడిపించు తీరు మరింత ముచ్చటైనది. ముప్పది దినముల గర్భము తరువాత పుట్టిన కూనలు కొంత ఎదిగి గూడు విడుచునపుడు, మొదటిది తల్లి తోక మొదలును నోట కరచుకొనును, రెండవది మొదటిదానిని, మూడవది రెండవదానిని. చీకటిలో ఆ వరుస రైలుబండి వలె గోడ ప్రక్కన సాగిపోవును. దీనిని చూచి పామనుకొని కర్ర తెచ్చువారు లేకపోలేదు.

ఎలుకలను చంపవలదని మేము చెప్పుట లేదు. సుల్తానాబాదు, పెద్దపల్లి ప్రాంతముల రైసుమిల్లుల చుట్టునున్నవారికి, ధాన్యము ఇంట నిలువ చేయు రైతులకు ఎలుక యెంతటి శత్రువో మాకు తెలియును. మా అభ్యంతరము మార్గమును గురించి. అంగడిలో దొరకు నల్లని పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని ఆమ్లము తగిలినంతనే అది ఫాస్ఫీన్ అను విషవాయువుగా మారును. ఎలుకకు వాంతి చేసికొను శక్తి లేదు. అందుచేతనే మ్రింగిన విషము దానిని చంపక విడువదు. చుంచెలుకకు ఆ శక్తి కలదు. జపాను శాస్త్రజ్ఞులు 1987లో ఈ సంగతిని వెల్లడించి, వాంతులను అరికట్టు మందుల పరిశోధనకు దీనినొక సాధనముగా చేసికొనిరి. క్యాన్సరు చికిత్సలో రోగిని పీడించు వాంతులకు మందు వెదకుటలో మన మోరీ ప్రక్క ప్రాణి పాలుపంచుకొన్నదన్న మాట. అయినను ఆ శక్తి దానిని అన్ని విషముల నుండి కాపాడలేదు. ఎండు చేప వాసనతో కలిపిన ఎర దానిని మరింత వేగముగా పిలుచును.

జిగురు అట్ట ఇంకను నీచమైనది. గోడ వెంట తప్ప నడవలేని ప్రాణికి గోడ వెంట అట్ట పెట్టినచో చిక్కకుండ ఎట్లుండును? ఎలుక జిత్తులమారి గనుక కొంత తప్పించుకొనును. చూపు లేనిది చిక్కును. అట్లు అంటుకొని రాత్రియంతయు అరచి అరచి చచ్చుటను మనము శుభ్రత యనుచున్నాము.

వెనుకటి ఇండ్లలో దీనికి ప్రత్యేకముగా చోటు చూపవలసిన పని లేకుండెను. మట్టిగోడ, గూనపెంకుల కప్పు, పెరటిలో కట్టెల మోపు, పెంటకుప్ప, బండల సందు, ఇవన్నియు దానికి గూళ్లే. నేడు కరీంనగరములో స్థలమునకు వెల పెరిగి ప్రహరీ గోడ వరకు సిమెంటు పరచుచున్నారు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుగనుల క్వార్టర్ల వెనుక కూరగాయల మడులు గలవారు ఇంకను కొంత అదృష్టవంతులు. నేల యున్నంతకాలము వానపాము ఉండును. వానపాము ఉన్నంతకాలము దానిని తినువారు వత్తురు. ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖమలు వంటి ఆరుద్ర పురుగు కనబడని పెరడు పెరడు కాదని మా అభిప్రాయము, అది గచ్చు.

ప్రత్యర్థుల వాదమును దాచుట న్యాయము కాదు. 1964లో వేలూరులోని తొట్టపాళయమున పట్టిన ఒక చుంచెలుక నుండి ఒక క్రొత్త వైరసును శాస్త్రజ్ఞులు వేరు చేసి, ఆ పేటపేరే దానికి పెట్టిరి. ఆ వైరసు వలన మనుష్యులకు జబ్బు చేసినట్లు తేలలేదు. అయినను అడవి ప్రాణిని చేతితో తాకరాదు, చచ్చినదానిని వట్టి చేతులతో ఎత్తరాదు. కోడిపిల్లలు గలవారు రాత్రి గంపను గట్టిగా మూయవలెను. చిన్న పిల్లలపై అది పడుట కలదు. మూత లేని అన్నమును ముట్టుట కూడ కలదు. ఇక పాము భయము. పొలముల అంచున నున్న ఇండ్లవారికి ఇది వట్టి భయము కాదు, ప్రాణసంకటము. రాళ్ల సందున చుంచెలుక చేరగలిగిన చోట పామును చేరగలదు. పసిపిల్లలు ఆడుకొను చిన్న పెరడు గలవారు రాళ్లు పేర్చు ప్రయత్నమే చేయవలదు. విషమును మానినంత మాత్రముననే వారి వంతు తీరును.

విశాలమైన పెరడు గలవారు చేయదగినది స్వల్పము. వాకిలికి, పడకటింటికి, పిల్లలు తిరుగు దారికి దూరముగా ప్రహరీ మూలను ఎన్నుకొనవలెను. పగిలిన ఇటుకలను రెండు వరుసలుగా పేర్చి నడుమ రెండంగుళముల సందు విడువవలెను. పైన విరిగిన షాబాదు బండను కప్పి, దానిపై వేపాకు, చెత్తాకు పోయవలెను. ఆ సందున పిల్లి తల పట్టదు. అందులో ఎవరును చేయి పెట్టరాదు. చుట్టుప్రక్కల పురుగుమందు పొడి చల్లరాదు.

ఆంగ్లేయుల పుస్తకములు చెప్పునట్లు వెచ్చని పెట్టె మనకు అక్కరలేదు. వారి ప్రాణికి గండము చలి; మన ప్రాణికి గండము ఎండ. ఆదిలాబాదులో డిసెంబరు రాత్రులు పది డిగ్రీలకు దిగువకు పడుట నిజమే గాని, మే నెలలో రామగుండము 45 డిగ్రీలు దాటునపుడు చావు సులభముగా వచ్చును. కనుక చెట్టు నీడ, కొంచెము తడి, లోతు లేని మట్టిమూకుడులో నీరు, ఇవి చాలును. నీరు పెట్టినచోట సాయంకాలము కప్పయు వచ్చును. అదియు పురుగులను తినునదే, దానిని తరుమవలదు.

మేజర్ కోల్స్ గారి బల్లను మనము తప్పక అరువు తెచ్చుకొనవలెను. మన పెరళ్లలో పశువుల గోతులు లేవు గాని గోలెములు, హౌజులు, మూత లేని సంపులు కలవు. నున్నని సిమెంటు గోడపై ఏ చిన్న ప్రాణియు ఎక్కలేదు. ఉదయమున నీటిపై తేలు కళేబరమును చూచి ముక్కు మూసికొని నీరంతయు పారబోయువారు, ముందునాడే ఒక గరుకు కర్రను అందులో ఏటవాలుగా వేసి యున్నచో నీరును దక్కెడిది, ప్రాణమును దక్కెడిది.

మన కళాశాల తోటలోను ఒక మూలను ఇట్లు విడువవలెనని మేము కోరుచున్నాము. జంతుశాస్త్ర విద్యార్థులు వానకాలమంతయు వారమునకొక రాత్రి టార్చిలైటుతో అచ్చట కూర్చుండి, వచ్చిన ప్రాణులను లెక్కించి, ఆ పట్టికను రాబోవు సంచికలో ప్రకటింతురు గాక. ఉర్దూ విభాగము వారు అదే పట్టికను తమ పుటలలో ఇచ్చినచో, ఛఛూందర్ తలకు మల్లెనూనె దొరకినట్లే.

ఇక ఎలుకలకు బోను పెట్టువారికొక మనవి. అర్ధరాత్రి ఒకమారు, తెల్లవారుజామున ఒకమారు లేచి చూడుడు. చుంచెలుక ఆకలికి ఓర్వలేదు. కొద్ది గంటలలోనే నీరసించును, పగలు వరకు ఉంచినచో చచ్చి కనబడును. బోనులో పొడుగు మూతి కనబడినచో, చేయి పెట్టక, బోను తలుపును పెరటి గోడవైపు త్రిప్పి తెరచి, రెండడుగులు వెనుకకు జరుగుడు. గోడ తగిలినంతనే దారి అదియే చూచుకొనును.