కాన్పు నాడు రక్తం కోసం పరుగులేల?

మన పల్లెల్లో ఒకనాడు కాన్పు అంటే మంత్రసాని, నులకమంచం. నేడు ఆసుపత్రి, ఆపరేషను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనత వున్నట్లు అదే సర్వేలో తేలింది. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమనక మానదు.

మామూలు కాన్పులో సాధారణంగా అర లీటరు లోపు రక్తం పోతుంది. ఆపరేషనులో లీటరు దాకా పోవచ్చు. వొంట్లో రక్తం వున్న తల్లి దానిని తట్టుకుంటుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు వుండాలి. 7 గ్రాములతో ఆపరేషను బల్ల ఎక్కిన తల్లికి అంతకంటె తక్కువ పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

గర్భసంచి ముడుచుకునేందుకు ఆక్సిటోసిన్, రక్తం ఆగకుంటే మూడు గంటల లోపు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజక్షను ఇవ్వడం డాక్టర్ల పని. ఆ బల్ల ఎక్కేలోపు వున్న నెలలు మాత్రం మన చేతిలోవి.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఐరన్ మాత్ర మింగాలి. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు చాలా ఇళ్లలో గూటిలోనే వుండిపోతున్నాయి. బిడ్డ నల్లగా పుడుతుందని పెద్దవాళ్లు భయపెడుతున్నారు. ఇది వట్టి మాట. నల్లబడేది మలం మాత్రమే. వికారంగా వుంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోరాదు. నిమ్మ, ఉసిరి మేలు చేస్తాయి. నెలలు నిండవస్తున్నా రక్తం పెరగకుంటే నరానికి ఐరన్ ఎక్కించే వైద్యం వుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

ఇక పథ్యం సంగతి. రక్తం పోయి ఇంటికి వచ్చిన బాలింతకు వారాల తరబడి కారప్పొడి అన్నమే పెట్టి, పప్పు, ఆకుకూర, గుడ్డు దూరం పెట్టడం ఏం న్యాయం? ఆమెకు అందరికంటె ఎక్కువ తిండి కావలసిన రోజులవి.

కాన్పుకు ముహూర్తం చూసే శ్రద్ధ హిమోగ్లోబిన్ కాగితం చూడటంలో లేదు. ముహూర్తం కోసం అవసరం లేని కోత అడగడం మరీ తప్పు. తీరా రక్తం ఇవ్వమంటే వెంట వచ్చిన మగవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా వున్న మగవారు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వవచ్చు. అలా ఇచ్చేవారి పేర్లు, గ్రూపులు యువజన సంఘాలు రాసి పెట్టుకుంటే అర్ధరాత్రి వూరంతా తిరిగే పని తప్పుతుంది.

ప్రభుత్వ బాధ్యత కూడా తక్కువది కాదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషను, మందులు, రక్తం అన్నీ ఉచితం. కాగితం మీది ఈ హక్కు పల్లె తల్లికి అందాలంటే, కాన్పు ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రిలో రక్తం నిల్వ వుండాలి. మాత్రలు పంచిన లెక్కతో సరిపెట్టుకోక, ఎంతమందికి రక్తం పెరిగిందో అధికారులు నెలనెలా చూడాలి.

కాన్పు చెప్పకుండా వచ్చే వరద కాదు. నెల ముందే తెలుసు, రక్తం తక్కువన్న సంగతీ ముందే తెలుస్తుంది. తెలిసీ వూరుకుంటే ఆ తప్పు దేవుడి మీదకు నెట్టరాదు.